తూర్పు కిటికీకి ఒక లేసు తెర

మన కాలేజీ పత్రికలో ఈ శీర్షిక మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా సంపాదకులుగారు నన్నే అడిగారు. "మీరు ఒక ఉద్యోగం మానేసి ఇక్కడ డ్రాయింగ్ ల్యాబులో చేరారు కదండీ, అదీ విరమణే" అన్నారు. నిజానికి ఆయన ముందు అడిగింది రాయమని కాదు, మీ క్లాసుకొచ్చి నా పాత ఉద్యోగం గురించి మాట్లాడమని. సరేనని తలూపి, ఆ రోజు స్టోర్ రూములో రంగుల డబ్బాలు సర్దుతూ కూర్చున్నాను. మీలో ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు కూడా. తలుపు వెనక ఉన్నది నేనే. మాట్లాడమంటే నాకు గొంతు పెగలదు. రాయడం వేరు. చిన్నప్పట్నుంచీ రోజూ డైరీ రాసుకునే అలవాటుంది కాబట్టి, కాగితం ముందు నాకు సిగ్గుండదు.

రాయడానికి ఒప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. పోయిన వారం మీ క్లాసు జరుగుతుంటే నేను వెనకాల ల్యాబ్ బీరువా సర్దుతున్నాను. మీ మాస్టారు రెండు గీతలూ ఒక చుక్కా ఉన్న బొమ్మ చూపించి, ఇది పక్షి అన్నారు. ఒకబ్బాయి లేచి, "అన్నీ తీసేస్తే ఇంకేం మిగిలింది సార్? ఇది గీయడం రానివాళ్ళు చేసే పని కాదా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు జవాబు తెలుసు. కానీ అది చాలా పెద్దది, లేచి చెప్పేంత చిన్నది కాదు. ఇదే ఆ జవాబు.

నేను డ్రాయింగ్ డిప్లొమా అయ్యాక మొదట చేరింది నరసాపురం వైపు ఒక లేసు కంపెనీలో. పాత మేడ. కింద పెద్ద హాలు, పైన డిజైను గది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి పనులయ్యాక అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతారు. ఏజెంట్లు ఆ ముక్కలు తెచ్చి మా హాల్లో పోస్తారు. వాటిని ఉతికి, గంజి పెట్టి, పిన్నులతో సాగదీసి ఆరబెట్టి, తప్పులు చూసి విదేశాలకు పంపుతారు. బల్లల మీద పరిచే గుడ్డలు, దిండు గలేబులు, ఇలాంటివి.

మా దగ్గర ఎక్కువగా వచ్చేది గడుల లేసు. కొక్కెం సూదితో దారాన్ని వరసగా చిన్న చిన్న గడులుగా అల్లుతారు. కొన్ని గడులు ఖాళీగా వదిలేస్తారు, కొన్నిటిని దారంతో నింపుతారు. నిండు గడులన్నీ కలిసి నెమలో, గులాబీయో అవుతాయి. అందుకని డిజైను గదిలో మా పని గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గడులు నింపడమే. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ కాగితాన్ని గోడకు గుచ్చుకుని చూస్తూ అల్లేస్తారు.

కింద హాల్లో ఒక పొడుగాటి బల్ల, దాని మీద నల్లగుడ్డ. తెల్లటి లేసు తెల్లటి బల్ల మీద వేస్తే ఏమీ కనబడదు. నల్లగుడ్డ మీద వేస్తే ఒక్క గడి తప్పినా పట్టుబడిపోతుంది. ఆ గుడ్డ ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. చెకింగ్ దాని మీదే, కొనేవాళ్ళకి పంపే ఫొటోలు దాని మీదే, కొత్త డిజైను మొదటి ముక్క బాగుందో లేదో తేల్చుకునేదీ దాని మీదే. ఈ నల్లగుడ్డను గుర్తుపెట్టుకోండి.

డిజైను గదికి పెద్ద ఒక మాస్టారు. సన్నగా ఉండేవారు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి మీద ఎర్ర పెన్సిలు పెట్టుకుని. జీవితమంతా గడులు నింపిన మనిషి. ఆయన నెమలి వేస్తే ఈకలో కన్ను, కన్నులో మెరుపు కూడా ఉండేవి. నేను బొమ్మ వేసి చూపిస్తే ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకా నింపమ్మా. గడి తగ్గితే ప్రాణం తగ్గుద్ది."

కింద చెకింగుకు పెద్ద ఒక అక్క. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఆవిడ పెద్దకూతురికంటే నేను రెండేళ్ళే పెద్ద, అయినా అందరితోపాటు నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. నేను మెట్లు దిగి వస్తే చాలు, "ఇదుగోనర్రా, మన మాటల పుట్ట దిగింది. ఈ పిల్ల నోట్లోంచి ఒక మాట రావాలంటే ముందురోజే కూపను తీసుకోవాలి" అనేది. హాలంతా నవ్వేది. ఆ నవ్వులో ఎకసెక్కం ఉన్నా, మధ్యాహ్నం నా డబ్బాలో కూర లేకపోతే తన గిన్నె నా ముందుకు జరిపేదీ ఆవిడే.

ఒక వర్షాకాలం చివర అక్క పైకి వచ్చింది. ఎప్పుడూ పైకి రాని మనిషి వచ్చి, గుమ్మంలో నిలబడి, "మాస్టారండీ, ఒక సొంత పని" అంది.

అక్క ఊరు కాలవ గట్టున, మా కంపెనీకి బస్సులో అరగంట. ఊళ్ళో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ. దాదాపు ప్రతి ఇంట్లోనూ లేసు అల్లేవాళ్ళున్నారు. చర్చిలో బలిపీఠం వెనక తూర్పుకి పెద్ద కిటికీ. దానికి ఒకప్పుడు అక్క వాళ్ళమ్మ వయసులో ఉండగా అల్లిన తెర ఉండేది. అది చివికి ముక్కలైపోతే తీసేశారు. అప్పట్నుంచీ ఆదివారం పొద్దున ఆరాధనలో ఎండ జనం కళ్ళల్లో కొడుతోంది. సంఘపెద్దలు కూర్చుని, అక్కడ ఏసయ్య బొమ్మతో ఒక ఫ్లెక్స్ వేయిద్దామన్నారు. వాళ్ళలో ముఖ్యుడు తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఒకాయన. ఫ్లెక్సైతే రంగులుంటాయి, మాయదు, ఉతకక్కర్లేదని ఆయన వాదన.

"నేను లేచి నిలబడ్డానండీ" అంది అక్క. "ఏ దేశంలోనో ఎవరింట్లోనో టీ కప్పుల కింద కూడా మా లేసే ఉంటుంది. మా చర్చిలో చూడండి, ఒక్క జానెడు ముక్క లేదు. ఆడాళ్ళందరం కలిసి మేమే తెర అల్లి, కొత్త పంట దేవుడికిచ్చే కోతపండక్కి ఇస్తాం అన్నాను. ఆయనేమో, సరేనమ్మా, పండక్కి నెల ముందే కట్టి చూపించండి, బాగుంటే ఉంచుతాం, లేపోతే ఫ్లెక్స్ కట్టేస్తాం, ఇంక ఎవరూ లేసు మాట ఎత్తకూడదు అన్నాడు."

మాస్టారు పెన్సిలు చెవి మీంచి తీశారు. అక్క ఇంకా కదల్లేదు. ఆవిడకి అలవాటు లేని చిన్న గొంతుతో, "మా అమ్మకి చూపు పోతుందండీ. డాక్టర్లు ఇంక ఆపరేషన్ లేదన్నారు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనుషులు ముద్దల్లాగా తెలుస్తారు. పాత తెర ఉన్నప్పుడు ప్రసంగం వినేదే కాదు, మొదటి బెంచీలో కూర్చుని తెర చూసుకునేది. ఇంకొక్కసారి అలా కూర్చోబెట్టాలని" అంది.

మాస్టారు ఆ రోజే మొదలుపెట్టారు. గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరిగా ఏసయ్య. కంపెనీ యజమాని దారం ఇప్పించాడు. మాస్టారు ముఖం వేసుకుంటే నేను అంగీ మడతలు, గొర్రెపిల్ల ఉన్నీ నింపాను. నిజం చెప్పాలంటే అంత అందమైన పని నేను అంతకుముందు చెయ్యలేదు. పెద్ద తెర కాబట్టి ముక్కలుగా విడగొట్టి, ఇంటికొక ముక్క అల్లారు. అంచులు కొందరు, గొర్రెపిల్ల ఒకరు, ముఖం మాత్రం అక్కే. అన్నీ కలిపి కుట్టి, కింద హాల్లో నల్లగుడ్డ మీద పరిచారు.

నల్లటి నేపథ్యం మీద తెల్లగా ముఖం, దాంట్లో చల్లటి నల్లటి కళ్ళు, గడ్డం నీడ, పెదవి మీద నవ్వులాంటిదేదో. ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మాస్టారు దూరంగా గోడకు ఆనుకుని, ఏమీ ఎరగనట్టు ఎర్ర పెన్సిలు చెక్కుకుంటున్నారు.

శనివారం పొద్దున అందరం చర్చికి వెళ్ళాం. అక్క తమ్ముడు నిచ్చెనెక్కి తెర కట్టాడు. సరిగ్గా అప్పుడే కాలవ అవతలి కొబ్బరిచెట్ల మీంచి ఎండ లోపలికి కొట్టింది.

నిండు గడులు వెలుగును ఆపేశాయి. ఖాళీ గడుల్లోంచి వెలుగు దూసుకొచ్చింది. అంటే, నల్లగుడ్డ మీద తెల్లగా ఉన్నదంతా చీకటైంది, నల్లగా ఉన్నదంతా మెరిసింది. ముఖం ఒక నీడ ముద్ద. దాంట్లో రెండు కళ్ళు బల్బుల్లా వెలుగుతున్నాయి. గడ్డం మంటలా ఉంది. నవ్వుండాల్సిన చోట పళ్ళలాంటి తెల్లటి చీలిక. గొర్రెపిల్ల ఏ జంతువో చెప్పడం కష్టం.

సంఘపెద్ద కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏంటమ్మా ఇది? కాకినాడ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయించినట్టుంది" అన్నాడు. ఆయన వెనక ఉన్న ఇద్దరు నవ్వారు. ఆయన చెడ్డవాడేం కాదు. చూసిందే చెప్పాడు.

"వెనకాల నల్లగుడ్డ కట్టించండి" అన్నారు మాస్టారు.

"కట్టొచ్చండీ. అప్పుడింక కిటికీ ఎందుకు?"

మొదటి బెంచీలో అక్క వాళ్ళమ్మ, అంటే మామ్మగారు, తెల్లచీరలో కూర్చుని ఉంది. అక్క వంగి, "కనిపిస్తుందామ్మా?" అని అడిగింది. మామ్మగారు చాలాసేపు చూసి, కూతురి చెయ్యి తడిమి పట్టుకుని, "దారం మంచిదేనే" అంది.

సోమవారం మాస్టారు పనికి రాలేదు. జ్వరమని కబురు పంపారు. అక్క మాత్రం పైకి వచ్చి, ఆయన కుర్చీలో కూర్చుని, "తలకిందులైందంటే మళ్ళీ తలకిందులు చేస్తే సరిపోద్ది కదా? నిండు గడుల చోట ఖాళీ, ఖాళీ చోట నిండు" అంది. అలా ముఖం ఒక్కటే మార్చి కాగితం కత్తిరించి, గడులు తొలిచి, డిజైను గది కిటికీకి అంటించాను. బాగానే ఉంది. ఇద్దరం సంతోషపడ్డాం. సాయంత్రం గదిలో లైటు వేసేసరికి బయట చీకటి, లోపల వెలుగు. కాగితం మళ్ళీ తెల్లబడింది, తొలిచిన గడులు నల్లబడ్డాయి, కళ్ళు మళ్ళీ బల్బులయ్యాయి. వాళ్ళ చర్చిలో వారం మధ్యలో సాయంత్రం ప్రార్థన కూడా ఉంటుంది.

"పొద్దున దేవుడు, సాయంత్రం ఎక్స్‌రే" అని అక్క నవ్వబోయి, నవ్వలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫ్లెక్సాయన కిటికీ కొలతలు తీసుకెళ్ళిపోయాడంట" అంది.

ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఏం చూశానో గుర్తులేదు. గుర్తున్నది మర్నాడు పొద్దున బస్సు. కిటికీ పక్కన కూర్చున్నాను. చేలు గింజ పోసుకుని పచ్చా పసుపూ మధ్య రంగులో ఉన్నాయి. గట్టు మీద కొంగలు, తెల్లగా. బస్సు హారను కొట్టేసరికి లేచాయి. చేను మీద ఎగురుతున్నంతసేపూ తెల్లగానే ఉన్నాయి. ఆకాశం మీదికి, ఎండకు ఎదురుగా వెళ్ళేసరికి అవే కొంగలు నల్లటి మరకలయ్యాయి. బస్సులో చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరూ, "ఇందాకటి కొంగలేవి, ఈ నల్ల పక్షులెక్కడివి" అని అడగలేదు.

నేను సీట్లోనే నిటారుగా కూర్చున్నాను. పక్కనున్నావిడ, "స్టాపొచ్చిందా పాపా?" అంది.

రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం చదివేదాన్ని. కన్ను ఎలా చూస్తుందో దాంట్లో ఉండేది. సగం అర్థమయ్యేది కాదు. అర్థమైనంతలో ఇది: దగ్గరదగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపు కడుతుంది. గీత మధ్యలో తెగినా, పోయే దిక్కు తెలిస్తే కన్నే కలుపుకుంటుంది. ఏది బొమ్మ, ఏది వెనకాల ఉన్న ఖాళీ అన్నది కూడా కన్నే తేల్చుకుంటుంది. పరీక్షలకు రాని చదువు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ బస్సులో అదంతా ఒక్కసారిగా పనికొచ్చింది. ముఖాన్ని మనం వెలుగునీడలతో గుర్తుపడతాం. అవి తారుమారైతే కన్నతల్లి ముఖమైనా గుర్తుపట్టలేం. కొంగను అంచుతో గుర్తుపడతాం. అంచు తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా అంచే. ఈ కిటికీకి కావలసింది ముఖం కాదు, అంచుతోనే పోల్చుకోగల వస్తువు. కోతపండక్కి ఆ వస్తువేదో బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఆ రోజంతా వరికంకులు వేశాను. మాస్టారు నేర్పినట్టే, ప్రతి గింజా, గింజ చివర ముల్లూ, ఆకు మీద ఈనె. కాగితం తొలిచి సంచిలో పెట్టుకుని, సాయంత్రం ఎండ ఉండగానే అక్కతో వాళ్ళింటికి వెళ్ళాను. పడమటి కిటికీకి కాగితం పెట్టి పట్టుకున్నాను. మామ్మగారు మంచం మీంచి చూసింది.

"ఏంటి పాపా అది, కొబ్బరాకుల తడికా?"

నిండు గడులు ఎక్కువై అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నేను కళ్ళు సగం మూసి చూశాను. నిజమే, తడికే.

మర్నాడు గింజలన్నీ తీసేసి కాడలు మాత్రం ఉంచిన కాగితం పట్టుకెళ్ళాను. "వాన పడుతుందా?" అంది మామ్మగారు. అదీ నిజమే. నిలువుగా గీతలు. ఎక్కువ తీసేస్తే ఏదైనా కావచ్చు, అందుకే ఏదీ కాదు. అక్క నా ముఖం చూసి, "పోన్లెద్దూ, టీ తాగు" అంది.

ఆ వారం నేను తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. కంకిలో ఏది పోతే కంకి కాకుండా పోతుంది? ముల్లు పోయినా ఫరవాలేదు. ఆకు పోయినా ఫరవాలేదు. కాడ మధ్యలో తెంపి ఖాళీ వదిలినా కన్ను కలుపుకుంటోంది. గింజల్ని గింజలుగా కాక జంటగడులుగా పెట్టి, దగ్గరగా ఉంచితే చాలు, గుత్తి అవుతోంది. కానీ వంపు పోతే మాత్రం అంతా పోతోంది. కాడ నిటారుగా మొదలై, పైకి వెళ్ళేకొద్దీ మెట్లు మెట్లుగా పక్కకు జరిగి, చివర కిందకి వేలాడాలి. గడుల కాగితం మీద వంపు ఉండదు, మెట్లే ఉంటాయి. మెట్లను వంపు చేసేది చూసేవాళ్ళే.

ఆ కాగితం పట్టుకెళ్ళిన రోజు మామ్మగారు ఏమీ అడగలేదు. చూస్తూ చూస్తూ, కంకి ఎటు వంగిందో అటే మెల్లగా తల వాల్చింది. తను వాల్చినట్టు తనకి తెలీదు.

"గింజ పట్టిందే" అంది.

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపు గిన్నెల చప్పుడు చేసింది.

ఇంక మిగిలింది మాస్టారికి చెప్పడం. జ్వరం తగ్గి వచ్చారు గానీ, ఎవరితోనూ మాట్లాడటం లేదు. నలభై ఏళ్ళకు పైగా నల్లగుడ్డ మీద చూసి బొమ్మలు వేసిన మనిషికి, "మాస్టారూ, ముఖం వద్దు, కంకులు చాలు, అవి కూడా సగమే" అని చెప్పడం నా నోటితో అయ్యే పని కాదు. పొద్దున్నే ముందుగా వచ్చి, కాగితం డిజైను గది కిటికీకి అంటించి, బీరువా వెనక నిలబడ్డాను. బీరువాల వెనక నిలబడటం నాకు అప్పట్నుంచే అలవాటు.

ఆయన గుమ్మంలో ఆగారు. "కంకులా?" అన్నారు, ఎవరితోనో. లోపలికి వచ్చి కాగితానికి ముక్కు ఆనించేంత దగ్గరగా వెళ్ళారు. "ఇక్కడేం లేదే! కాడ తెగిపోయింది. గింజకి ఆకారం లేదు. చదరాలు!" మళ్ళీ గుమ్మం దాకా వెనక్కి నడిచారు. "కంకులే" అన్నారు. అలా చాలాసార్లు దగ్గరికీ దూరానికీ తిరిగారు. చివరికి, "బయటికి రామ్మా. నీ కాళ్ళు కనబడుతున్నాయి" అన్నారు.

వచ్చాను.

"సగం పని చేసిచ్చావు."

"మిగతా సగం చూసేవాళ్ళు చేస్తారు మాస్టారూ." ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. కూపను లేకుండా.

ఆయన నా వైపు చూడలేదు. చెవి మీంచి ఎర్ర పెన్సిలు తీసి, దూరం నుంచి ఒక కన్ను మూసి చూసి, కాగితం దగ్గరకొచ్చి, కుడివైపు కంకిలో ఒక గడి చుట్టూ సున్నా చుట్టారు. "ఇది అక్కర్లేదు. తీసెయ్" అన్నారు.

తీసేశాను. కంకి ఇంకా బరువుగా వంగింది.

తెరలో అంచులూ కింది వరసా అలాగే ఉంచి, బొమ్మ ఉన్న మధ్య ముక్కలు మాత్రం కుట్లు విప్పి వేరుచేశారు. వాటిని విప్పి దారం మళ్ళీ వాడుకోవచ్చు. గొర్రెపిల్లను విప్పారు, అంగీ విప్పారు. ముఖం ముక్క దగ్గరికొచ్చేసరికి ఎవరూ దారం కొస పట్టుకోలేదు. ఒకరు ఇంకొకరికి ఇచ్చారు. ఆవిడ పక్కావిడకి ఇచ్చింది. చుట్టూ తిరిగి అది మళ్ళీ అక్క ఒళ్ళోకే వచ్చింది. "ప్రభువు ముఖం నేను పీకలేనర్రా" అంది అక్క. మాస్టారు ఆ ముక్క మడిచి సంచిలో పెట్టుకున్నారు. కొత్త దారం అడిగి తెచ్చింది కూడా ఆయనే.

ఊరంతా కోతల్లో మునిగి ఉండగా ఆడవాళ్ళు తెర పూర్తిచేశారు. ఇంకొక్కసారి చూడమని అక్క సంఘపెద్దను ఒప్పించింది. పండగ ముందురోజు పొద్దున కట్టాం. సంఘపెద్ద వచ్చాడు. ఫ్లెక్స్ చుట్ట అప్పటికే చర్చి మూలలో నిలబెట్టి ఉంది. ఆయన తెరను చాలాసేపు చూశాడు. కంకులని పోల్చుకున్నాడు కూడా. కానీ చేతులు కట్టుకుని, "బాగానే ఉందమ్మా. మరి ఇందులో ఏసయ్య ఎక్కడున్నాడు?" అని అడిగాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. నా పుస్తకంలో దానికి జవాబు లేదు. అందరూ నా వైపు చూశారు.

మాస్టారు సంచి విప్పారు. మడతపెట్టిన ముఖం ముక్క తీసి, నడుచుకుంటూ వెళ్ళి, పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పీఠం ముందువైపు పరిచి పట్టుకున్నారు. పాతకాలపు టేకు పీఠం అది, వార్నీషు మీద వార్నీషు పడి నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీద ముఖం, హాల్లో మొదటిరోజు చూసినట్టే, తెల్లగా, చల్లటి కళ్ళతో కనిపించింది.

"ఇదుగోనండి" అంది అక్క, గొంతు మళ్ళీ తన గొంతై. "ఆయన ఇక్కడున్నాడు. కిటికీలోది ఆయన చేను."

సంఘపెద్ద ముఖాన్ని చూశాడు, కిటికీని చూశాడు. "ఫ్లెక్స్ దండగైందే" అని గొణిగి, దాన్ని భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తర్వాత అది ఆయన ఇంట్లో ధాన్యం మీద కప్పడానికి పనికొచ్చిందని విన్నాను.

ఆదివారం నన్నూ రమ్మన్నారు. జనం కొత్త వరి కట్టలు, అరటిగెలలు, గుమ్మడికాయలు తెచ్చి ముందు పెట్టారు. నేను ఆడవాళ్ళ వైపు మామ్మగారి పక్కన కూర్చున్నాను. మాస్టారు అటువైపు. ఎండ లేచేసరికి కంకులు నీడలై, వాటి చుట్టూ వెలుగు నిండింది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. అందరూ కళ్ళు మూశారు. నాకు అలవాటు లేక కొంచెం ఆలస్యమైంది. అందుకే, మాస్టారు కళ్ళు తెరిచే ఉన్నారని చూశాను. ఆయన నన్ను చూసి, తెర వైపు గడ్డంతో చూపించి, గాల్లో వేలితో చిన్న గడి ఒకటి గీసి, దాన్ని చెరిపేసినట్టు విదిలించారు. ఇంకొకటి తీయొచ్చట.

మామ్మగారి కళ్ళూ తెరిచే ఉన్నాయి. తల పక్కకు వాలి ఉంది. ఒళ్ళో కుడిచేతి వేళ్ళు, సూది లేకుండానే, మెల్లగా అల్లుతున్నాయి.

ఆమేన్ అన్నాక తెరిచి ఉన్న పక్క తలుపులోంచి గాలి వచ్చింది. తెర కదిలింది, కంకులన్నీ ఒకవైపుకి ఊగాయి. అక్క వెనక బెంచీలోంచి వంగి, "కనిపిస్తుందామ్మా?" అని అడిగింది, మొదటి తెర కట్టిన రోజు అడిగినట్టే, అంతకంటే భయంగా.

మామ్మగారు విసుక్కుంది. "ముందా తలుపెయ్యవే. గింజ రాలిపోద్ది."

అక్క లేచి వెళ్ళి తలుపు వేసింది.